అబర్‌డేర్ ఆబోతు

పాఠ్యభాగ పరిచయం

ఆటస్థలంలో అందరూ సమానులే అంటారు. కాని ఆటస్థలానికి చేరే దారి అందరికీ ఒక్కటి కాదు. ఒకడు తీరికగా వస్తాడు. మరొకడు ఆ పూట కూలి వదులుకొని వస్తాడు. నూరేళ్లకు పూర్వం వేల్స్ దేశంలో ఒక బొగ్గుగని కార్మికుడు తన దేశానికి గొప్ప విజయాలలో పాలుపంచుకున్నాడు. కొంతకాలానికే అతణ్ణి ఆ ఆట నుండి వెలివేశారు. అతడు మరొక ఆటలో చేరి, అక్కడ కూడా తన దేశాన్ని గెలిపించాడు. అతని కథను ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాఠం

1905వ సంవత్సరం, డిసెంబరు 16. వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో ఆర్మ్స్ పార్క్ అనే మైదానం సుమారు 47,000 మంది జనంతో కిటకిటలాడుతున్నది. ఒకవైపు న్యూజిలాండ్ రగ్బీ జట్టు నిలబడి ఉన్నది. వారు తల నుండి కాళ్ల వరకు నల్లని దుస్తులు ధరించేవారు. అందుచేత వారికి 'ఆల్ బ్లాక్స్' అనే పేరు వచ్చింది. ఆ పర్యటనలో అప్పటివరకు వారిని ఓడించిన జట్టు లేదు. ఆట మొదలు కావడానికి ముందు వారు నేలను తన్నుతూ, చేతులు చరుస్తూ తమ దేశపు మావోరీ ప్రజల 'హకా' నృత్యం చేశారు. చూసేవారి గుండెలు ఝల్లుమన్నాయి.

అప్పుడు వేల్స్ జట్టులోని టెడ్డీ మోర్గన్ అనే ఆటగాడు గొంతెత్తి తన దేశపు గీతాన్ని మాతృభాషలో అందుకున్నాడు. సాటి ఆటగాళ్లు గొంతు కలిపారు. క్షణంలో మైదానమంతా ఆ పాట మారుమోగింది. ఆట ప్రారంభానికి ముందు ఒక దేశం తన జాతీయగీతాన్ని పాడుకోవడం అదే మొదటిసారి అని చెబుతారు. ఆ పాటను 1856లో పాంటిప్రిడ్ అనే ఊళ్లో ఇవాన్ జేమ్స్ రచించగా, అతని కుమారుడు జేమ్స్ జేమ్స్ స్వరపరిచాడు. తండ్రి నేతపని చేసేవాడు. వెల్ష్ భాషలో పుట్టిన ఆ పాటే నేటికీ వేల్స్ దేశగీతం.

ఆ రోజు వేల్స్ 3-0 తేడాతో గెలిచింది. ఆ మూడు పాయింట్లూ తెచ్చినవాడు పాట ఎత్తుకున్న టెడ్డీ మోర్గనే. న్యూజిలాండ్ ఆటగాడు బాబ్ డీన్స్ తానుకూడా గీత దాటి బంతిని నేలకు తాకించానని అన్నాడు. రిఫరీ అందుకు ఒప్పుకోలేదు. ఆ వివాదం రగ్బీ అభిమానులలో ఈనాటికీ చల్లారలేదు. ఏమైనా, ఆ పర్యటనలో ఆల్ బ్లాక్స్ ఆడిన 35 ఆటలలో ఓడినది ఆ ఒక్కటే.

ఆ విజయంలో ఇద్దరిని మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఇద్దరికీ అబర్‌డేర్ అనే ఊరితో సంబంధం ఉన్నది. టెడ్డీ మోర్గన్ ఆ ఊరి పక్కనున్న అబర్‌నాంట్‌లో పుట్టాడు. పెద్ద చదువులు చదివి వైద్యుడయ్యాడు. రెండవవాడు డై జోన్స్. అతడు అబర్‌డేర్ క్లబ్బు తరఫున ఆడే బొగ్గుగని కార్మికుడు. మోర్గన్ మెరుపులాగా పరుగెత్తేవాడు. జోన్స్ కొండలాగా నిలబడేవాడు. ఇద్దరిదీ ఒకే జట్టు, ఒకే గీతం, ఒకే గెలుపు. కాని ఆ తరువాత రెండేళ్లకే వారి దారులు వేరయ్యాయి. అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ముందుగా ఆ ఆటను గురించి తెలుసుకోవాలి.

రగ్బీని కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతితో ఆడతారు. బంతిని చేతులతో పట్టుకొని పరుగెత్తవచ్చు. తోటివానికి అందించేటప్పుడు మాత్రం పక్కకో, వెనుకకో విసరాలి తప్ప ముందుకు విసరరాదు. బంతి ఉన్నవాణ్ణి ఎదుటి జట్టువారు నడుము పట్టుకొని పడవేయవచ్చు. చెడుగుడులో కూతకు వచ్చినవాణ్ణి పట్టుకునే దృశ్యాన్ని ఊహించుకుంటే ఇది మీకు బాగా అర్థమవుతుంది. ప్రత్యర్థుల గీత దాటి బంతిని నేలకు తాకిస్తే దానిని 'ట్రై' అంటారు. ఆ రోజులలో ఒక ట్రైకి 3 పాయింట్లు. జట్టులో వేగంగా పరుగెత్తేవారు కొందరు ఉంటే, బంతికోసం ఎదుటివారితో భుజాలు కలిపి తోసుకునే బలశాలులు కొందరు ఉంటారు. ఈ రెండవ తెగవారిని 'ఫార్వర్డులు' అంటారు. డై జోన్స్ ఫార్వర్డు.

వేల్స్ దేశం బ్రిటన్ దీవిలో పడమటి వైపున ఉన్నది. దాని దక్షిణ భాగంలో కొండల నడుమ ఇరుకైన లోయలు ఉన్నాయి. పంతొమ్మిదవ శతాబ్దంలో ఆ లోయలలో ఒకదాని వెంట ఒకటిగా బొగ్గుగనులు తవ్వారు. వేలాది కుటుంబాలు జీవనోపాధికోసం అక్కడ స్థిరపడ్డాయి. 1901 జనాభా లెక్కల ప్రకారం వేల్స్‌లో సుమారు సగం మంది వెల్ష్ భాష మాట్లాడేవారు. పక్కనే ఇంగ్లీషు మహావృక్షంలా పెరుగుతున్నా, వారు ఇంటి భాషను విడిచిపెట్టలేదు. జోన్స్‌ను జనం ముద్దుగా పిలుచుకున్న పేరు కూడా వెల్ష్ మాటే. అతణ్ణి 'తారు' అనేవారు. ఇది మనం రోడ్లకు వేసే తారు కాదు. వెల్ష్ భాషలో ఆ మాటకు ఆబోతు అని అర్థం. అతని బలాన్నీ, ఎదురులేని నడకనూ చూసి పెట్టిన పేరు అది.

గనిపని అంటే రెక్కాడితేగాని డొక్కాడని బతుకు. అది ప్రాణాపాయంతో కూడిన పని కూడా. వేల్స్ జట్టు ఆల్ బ్లాక్స్‌ను ఓడించిన 1905వ సంవత్సరంలోనే, జూలై 11న, రోంద లోయలోని వాట్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగి 119 మంది మరణించారు. అటువంటి లోయల నుండి వచ్చిన కండబలం గల ఆటగాళ్లనే వేల్స్ జట్టు తన ఫార్వర్డుల వరుసలో నిలుపుకున్నది. జోన్స్ మొదట ట్రెహర్బర్ట్ అనే ఊరి జట్టుకు, తరువాత అబర్‌డేర్ జట్టుకు ఆడాడు. 1902 నుండి 1906 వరకు దేశం తరఫున 13 ఆటలు ఆడాడు. 1902లోనూ, 1905లోనూ వేల్స్ జట్టు ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు జట్లు మూడింటినీ ఓడించింది. ఆ రెండు విజయాలలోనూ జోన్స్‌కు పాలున్నది.

ఇంత ఆడినా అతనికి ఆటవలన ఒక్క పైసా రాకూడదు. అది నియమం. 1871లో ఇంగ్లండులోనూ, 1881లో వేల్స్‌లోనూ రగ్బీ సంఘాలు ఏర్పడ్డాయి. ఆటను ఆటకోసమే ఆడాలనీ, డబ్బుకోసం ఆడరాదనీ వారి సిద్ధాంతం. ఆ సిద్ధాంతంలో కొంత మంచి లేకపోలేదు. డబ్బు చేరితే పందాలు చేరతాయి. గెలుపోటములు అమ్ముడుపోతాయి. ఆనందంకోసం ఆడేవాడు వెనుకబడి, సంపాదనకోసం ఆడేవాడు ముందుకు వస్తాడు. ఈ భయాలు కేవలం కల్పితాలు కావు.

కాని ఆ నియమాన్ని చేసినవారిలో ఎక్కువమంది ఖరీదైన పాఠశాలలలో చదివినవారు, ఆస్తిపాస్తులు కలవారు. ఆటకోసం ఒక రోజు కేటాయించినంత మాత్రాన వారి ఇంట్లో పొయ్యి ఆరిపోదు. కార్మికుని సంగతి అలా కాదు. దూరపు ఊళ్లో ఆట ఉంటే అతడు పని మానాలి. పని మానితే కూలి రాదు. దెబ్బ తగిలితే కొన్ని వారాలపాటు ఇంట్లో కూర్చోవాలి. టెడ్డీ మోర్గన్ 1904లో బ్రిటిష్ జట్టుతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలకు ఓడలో వెళ్లి నెలల తరబడి ఆడి వచ్చాడు. గనిలో దినకూలికి పనిచేసేవానికి అన్ని నెలలు ఇల్లు గడిచేది ఎట్లా? నియమం ఇద్దరికీ ఒక్కటే. దాని బరువు మాత్రం ఇద్దరి మీదా ఒకే విధంగా పడలేదు.

ఈ ప్రశ్న మొదట ఇంగ్లండు ఉత్తర భాగంలో తలెత్తింది. యార్క్‌షైర్, లాంకషైర్ ప్రాంతాలలోని ఆటగాళ్లు చాలామంది గనులలోనూ, మిల్లులలోనూ పనిచేసేవారు. ఆడినందుకు జీతం ఇవ్వనవసరం లేదు, పని మానినందుకు పోయిన కూలిని మాత్రం ఇవ్వనివ్వండి అని అక్కడి క్లబ్బులు కోరాయి. 1893లో ఇంగ్లండు రగ్బీ సంఘం ఈ కోరికను 282-136 ఓట్ల తేడాతో తోసిపుచ్చింది. దానితో 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై, 22 క్లబ్బులతో 'నార్తర్న్ యూనియన్' అనే వేరే సంఘాన్ని స్థాపించుకున్నారు. పని మానిన రోజుకు ఆరు షిల్లింగుల వరకు పరిహారం ఇవ్వవచ్చునని నిర్ణయించుకున్నారు. ఒక ఆట రెండుగా చీలిపోవడానికి మూలం ఆ ఆరు షిల్లింగులే.

కొత్త సంఘంవారు క్రమంగా ఆట నియమాలనుకూడా మార్చుకున్నారు. 1906లో జట్టులోని ఆటగాళ్ల సంఖ్యను 15 నుండి 13కు తగ్గించారు. ఆట మరింత వేగవంతమైంది. పాత ఆటకు 'రగ్బీ యూనియన్' అనీ, కొత్త ఆటకు 'రగ్బీ లీగ్' అనీ తరువాతి కాలంలో పేర్లు స్థిరపడ్డాయి. పాత సంఘం దృష్టిలో కొత్త ఆట ఆడినవాడు వెలివేయబడినవాడే. తిరిగి పాత ఆటలో అడుగుపెట్టడానికి అతనికి సామాన్యంగా వీలు ఉండేది కాదు.

వేల్స్ ఆటగాళ్లు అనేకులు ఇల్లూ వాకిలీ విడిచి ఇంగ్లండు ఉత్తర ప్రాంతానికి వెళ్లి కొత్త ఆటలో చేరసాగారు. 'ఉత్తరానికి వెళ్లాడు' అంటే డబ్బు తీసుకొని ఆడడానికి వెళ్లాడని వేల్స్‌లో అర్థం. స్వాన్సీ పట్టణానికి చెందిన డేవిడ్, ఇవాన్ జేమ్స్ అనే అన్నదమ్ములు 1892లోనే బ్రాటన్ రేంజర్స్ అనే ఉత్తరాది క్లబ్బుకు వెళ్లి నిషేధానికి గురయ్యారు. 1896లో వారిపై నిషేధం ఎత్తివేశారు. 1899 జనవరిలో వారు వేల్స్ తరఫున ఆడి ఇంగ్లండును 26-3తో ఓడించడంలో ప్రముఖపాత్ర వహించారు. కాని ఆ వెంటనే కుటుంబంతో సహా మళ్లీ ఉత్తరానికే తరలిపోయారు. చప్పట్లు చెవులకు ఇంపుగానే ఉంటాయి, కడుపు మాత్రం నింపవు.

ఇక్కడ మరొక సంఘటననుకూడా చెప్పుకోవాలి. ఆర్థర్ గూల్డ్ అనే ఆయన వేల్స్ జట్టుకు నాయకుడు, మిక్కిలి ప్రజాదరణ పొందినవాడు. 1897లో అభిమానులు చందాలు పోగుచేసి ఆయనకు ఒక ఇంటిని బహూకరించారు. ఇది ఆటకు డబ్బు తీసుకోవడమేనని ఇతర దేశాల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. వేల్స్ సంఘం గూల్డ్ పక్షాన నిలిచి అంతర్జాతీయ మండలినుండి బయటికి వచ్చింది. గూల్డ్ ఇకమీదట అంతర్జాతీయ పోటీలలో ఆడరాదనే ఒప్పందంమీద 1898లో తగవు ముగిసింది. అప్పటికే ఆయన ఆట విరమించాడు. ఇల్లు ఆయనకే మిగిలింది.

అదే వేల్స్ సంఘం పదేళ్ల తరువాత డై జోన్స్ విషయంలో వేరే విధంగా ప్రవర్తించింది. అబర్‌డేర్ క్లబ్బు ఆటగాళ్లకు రహస్యంగా డబ్బు ముడుతున్నదని ఆరోపణలు వచ్చాయి. ఆ రోజులలో చాలా క్లబ్బులు ఆటగాళ్లకు చాటుగా ఎంతో కొంత ఇచ్చేవి. పెద్దలు చూసీ చూడనట్లు ఊరుకునేవారు. కాని 1907లో విచారణ జరిపి, జోన్స్‌ను ఆటనుండి శాశ్వతంగా సస్పెండు చేశారు. 13 సార్లు దేశంకోసం చెమటోడ్చినవాడు, ఆల్ బ్లాక్స్‌ను నిలువరించిన గోడలో ఒక రాయిగా నిలిచినవాడు, ఇక తన ఊరి జట్టులో కూడా ఆడడానికి వీలులేకుండా పోయింది. జోన్స్ నియమాన్ని ఉల్లంఘించాడని సంఘం తేల్చింది. ఆ నియమం అతనిలాంటివారి బతుకును దృష్టిలో పెట్టుకొని చేసినది కాదన్నదీ అంతే నిజం.

జోన్స్ ఆటను మానలేదు. అదే సంవత్సరం వేల్స్‌లోని మెర్థర్ టిడ్‌ఫిల్, ఎబ్బూ వేల్ అనే రెండు ఊళ్లలో నార్తర్న్ యూనియన్ క్లబ్బులు వెలిశాయి. కొత్త ఆట ఆడడానికి ఇక ఉత్తరానికి వెళ్లనవసరం లేకపోయింది. జోన్స్ మెర్థర్ టిడ్‌ఫిల్ జట్టులో చేరాడు.

సరిగా అదే సమయంలో భూగోళానికి మరోవైపున, న్యూజిలాండ్‌లో, ఇటువంటి ఆలోచనే సాగుతున్నది. ఆల్ బర్ట్ బాస్కర్‌విల్ అనే యువకుడు తపాలాశాఖలో గుమాస్తా. 1905 పర్యటనలో వసూలైన సొమ్ములో ఆటగాళ్లకు తగిన భాగం రాలేదని అక్కడ అసంతృప్తి ఉన్నది. బాస్కర్‌విల్ నార్తర్న్ యూనియన్‌కు లేఖలు రాసి, ఒక జట్టును కూడగట్టి, 1907లో బ్రిటన్‌కు బయలుదేరాడు. ఆటగాళ్లు తలకు 50 పౌన్ల చొప్పున పెట్టుబడి పెట్టుకున్నారు. లాభం వస్తే అందరూ పంచుకోవాలని ఒప్పందం. 'ఆల్ బ్లాక్స్' కాదు 'ఆల్ గోల్డ్స్' అని పత్రికలు వారిని ఎగతాళి చేశాయి. బంగారంకోసం ఆడేవారని దాని భావం. కాలక్రమాన ఆ ఎగతాళిపేరే వారికి గౌరవనామమైంది. 1905 పర్యటనలో పాల్గొన్న జార్జ్ స్మిత్, డంకన్ మెక్‌గ్రెగర్ మొదలైనవారు కూడా ఈ జట్టులో ఉన్నారు. వీరిలో మెక్‌గ్రెగర్ ఆనాటి కార్డిఫ్ ఆటలో ఆడినవాడే.

1908వ సంవత్సరం, జనవరి 1. నూతన సంవత్సరం తొలిరోజున అబర్‌డేర్‌లో వేల్స్, న్యూజిలాండ్ జట్లు కొత్త నియమాల ప్రకారం తలపడ్డాయి. కొత్త ఆటలో ఆ రెండు దేశాలకూ అదే మొట్టమొదటి అంతర్జాతీయ పోటీ. పాత సంఘం జోన్స్‌ను వెలివేసి అప్పటికి కొన్ని నెలలే అయింది. అతడు ఆడిన ఊళ్లోనే, అతణ్ణి ఎరిగిన జనం నడుమనే ఆ పోటీ జరిగింది. వేలాదిమంది చూడవచ్చారు. ఆట హోరాహోరీగా సాగింది. చివరి ఘట్టంలో బంతి జోన్స్ చేతికి చిక్కింది. ఆబోతు ఆగలేదు. గీత దాటి బంతిని నేలకు తాకించాడు. వేల్స్ 9-8తో, కేవలం ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. ఊరంతా సంబరపడింది.

ఈ విధంగా డై జోన్స్ న్యూజిలాండ్ జట్టును రెండు ఆటలలోనూ ఓడించిన వేల్స్ వీరుడయ్యాడు. మొదటిసారి గెలిచినప్పుడు అతడు పాత సంఘానికి ముద్దుబిడ్డ. రెండవసారి గెలిచినప్పుడు అదే సంఘానికి అంటరానివాడు. ఆడినవాడు మారలేదు. అతని బలమూ, దేశాభిమానమూ మారలేదు. మారినదల్లా పేరు పుస్తకంలో ఏ పుటలో రాశారన్నదే.

ఈ గెలుపుతో జోన్స్ కష్టాలు తీరిపోయాయని అనుకోరాదు. 1908లో అబర్‌డేర్, ట్రెహర్బర్ట్ మొదలైన మరికొన్ని ఊళ్లలో నార్తర్న్ యూనియన్ క్లబ్బులు మొలకెత్తాయి గాని, అవి ఎక్కువకాలం నిలువలేదు. ప్రయాణ ఖర్చులు ఎక్కువై, ప్రేక్షకులు తగ్గి, అబర్‌డేర్ క్లబ్బు ఒక్క ఏడాదికే మూతపడింది. 1911లో మెర్థర్ టిడ్‌ఫిల్, 1912లో ఎబ్బూ వేల్ క్లబ్బులు కూడా ఆగిపోయాయి. ఆల్ గోల్డ్స్ జట్టును కూర్చిన బాస్కర్‌విల్ తిరుగు ప్రయాణంలో ఆస్ట్రేలియాలో న్యుమోనియా సోకి, 1908 మే నెలలో 25 ఏళ్ల ప్రాయంలోనే మరణించాడు. జోన్స్ మొదటి ప్రపంచయుద్ధంలో వెల్ష్ గార్డ్స్ అనే సైనికదళంలో చేరి తీవ్రంగా గాయపడ్డాడు. 1933లో కన్నుమూశాడు.

రెండు ఆటల మధ్య గోడ అతని తరువాత కూడా చాలాకాలం నిలిచింది. వేల్స్ నుండి ఎందరో ఆటగాళ్లు ఉత్తరానికి వెళుతూనే వచ్చారు. చివరికి 1995 ఆగస్టులో అంతర్జాతీయ రగ్బీ సంఘం పాత ఆటలో కూడా ఆటగాళ్లకు డబ్బు ఇవ్వవచ్చునని ప్రకటించింది. హడర్స్‌ఫీల్డ్ సమావేశం జరిగి అప్పటికి సరిగా నూరేళ్లు. ఒకప్పుడు ఏ పనికి డై జోన్స్‌ను వెలివేశారో, అదే పని ఆనాటినుండి ఉద్యోగమైంది. 2023లో కార్డిఫ్ నగరంలో ఒక శిల్పాన్ని ఆవిష్కరించారు. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగి, ఉత్తరానికి వెళ్లి రగ్బీ లీగ్‌లో పేరుగాంచిన బిల్లీ బోస్టన్, గస్ రిస్మన్, క్లైవ్ సలివన్ అనే ముగ్గురి విగ్రహాలు అందులో ఉన్నాయి. వెళ్లిపోయినవారిని కూడా తమవారుగా ఆ నగరం గుర్తించిందన్నమాట.

నియమాలు లేనిదే ఆట లేదు. వాటిని గౌరవించడం ఆటగాని ధర్మం. అయితే నియమం చేసేవారికి కూడా ఒక ధర్మం ఉన్నది. ఆ నియమం కింద నిలబడేవారందరి బతుకులనూ ఎరిగి దానిని చేయాలి. టెడ్డీ మోర్గన్, డై జోన్స్ ఒకే పాట పాడి ఒకే గెలుపు సాధించారు. ఒకనికి ఆ గెలుపు జీవితాంతం మిగిలే తీపిగుర్తు. రెండవవానికి ఆ గెలుపు వెనుక వదులుకున్న కూలిరోజులు కూడా ఉన్నాయి. ఆ కూలిరోజుల లెక్క చూడడానికి పెద్దలకు నూరేళ్లు పట్టింది.

కొత్త పదాలు - అర్థాలు

ఆబోతు = అచ్చుపోసి విడిచిన బలిసిన ఎద్దు
కిటకిటలాడు = జనంతో క్రిక్కిరిసి ఉండు
ప్రత్యర్థి = ఎదుటి పక్షంవాడు
జీవనోపాధి = బతుకుతెరువు
పరిహారం = కలిగిన నష్టానికి బదులుగా ఇచ్చేది
బహూకరించు = కానుకగా ఇచ్చు
ఉల్లంఘించు = మీరు, దాటు
ఆవిష్కరించు = మొదటిసారిగా అందరికీ కనబడేట్లు తెరతీయు

అభ్యాసం

1. ఈ కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
అ) న్యూజిలాండ్ జట్టు హకా నృత్యానికి వేల్స్ జట్టు ఏ విధంగా బదులు చెప్పింది?
ఆ) జోన్స్‌కు 'తారు' అనే పేరు ఎందుకు వచ్చింది?
ఇ) నార్తర్న్ యూనియన్ ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు ఏర్పడింది?
ఈ) 'ఆల్ గోల్డ్స్' అనే పేరులోని ఎగతాళి ఏమిటి?

2. ఈ కింది ప్రశ్నలకు పది పన్నెండు వాక్యాలలో జవాబులు రాయండి.
అ) ఆర్థర్ గూల్డ్ విషయంలోనూ, డై జోన్స్ విషయంలోనూ వేల్స్ సంఘం నడచుకున్న తీరును పోల్చి రాయండి.
ఆ) "నియమం ఇద్దరికీ ఒక్కటే. దాని బరువు మాత్రం ఇద్దరి మీదా ఒకే విధంగా పడలేదు." ఈ మాటలను పాఠం ఆధారంగా వివరించండి.

3. ఖాళీలను పూరించండి.
అ) 1905 కార్డిఫ్ పోటీలో వేల్స్ ______ తేడాతో గెలిచింది.
ఆ) పని మానిన రోజుకు నార్తర్న్ యూనియన్ అనుమతించిన పరిహారం ______ షిల్లింగులు.
ఇ) 1908 జనవరి 1న పోటీ జరిగిన ఊరు ______.

4. ఈ కింది జాతీయాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
రెక్కాడితేగాని డొక్కాడదు, చూసీ చూడనట్లు, చెమటోడ్చు, గొంతు కలుపు.

5. వ్యాకరణం
అ) విడదీసిన పదాలను, సంధుల పేర్లను గమనించండి.
ఊరంతా = ఊరు + అంతా (ఉత్వ సంధి)
ప్రత్యర్థి = ప్రతి + అర్థి (యణాదేశ సంధి)
జీవనోపాధి = జీవన + ఉపాధి (గుణ సంధి)
ఇటువంటివే మరి మూడు పదాలను పాఠంలో వెదకి విడదీయండి.
ఆ) ఈ కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు తెలపండి.
అన్నదమ్ములు, గెలుపోటములు, బొగ్గుగని, దేశాభిమానం.

6. చర్చించండి
తరగతిలో రెండు పక్షాలుగా ఏర్పడండి. ఒక పక్షంవారు ఆటను డబ్బుకోసం ఆడరాదని వాదించాలి. రెండవ పక్షంవారు ఆటగానికి ప్రతిఫలం ఉండాలని వాదించాలి. ఇరుపక్షాల వాదాలలోని మంచి అంశాలను నోటుపుస్తకంలో రాసుకోండి.

7. చేయండి
మీ ఊళ్లో ఒకప్పుడు బాగా ఆడి, కుటుంబ పరిస్థితులవలన ఆట మానుకున్నవారు ఉంటే, మీ ఇంటి పెద్దలతో వెళ్లి వారిని కలుసుకోండి. వారు చెప్పిన విషయాలను మీ సొంత మాటలలో ఒక పుటకు మించకుండా తెలుగులో రాసి తరగతిలో చదివి వినిపించండి.